గంధకపు వాసన – తామరాకు మీద నీటిబొట్టు





తోట్లవల్లూరు నుంచీ, చుట్టుపక్కల లంక గ్రామాల నుంచీ ఇప్పుడు చాలామంది దూరప్రయాణాలు చేస్తున్నారు. బుద్ధగయ, రాజగీర్, సారనాథ్ చూసి వస్తున్నారు. ఓపిక ఉన్నవాళ్ళు లదాఖ్ దాకా వెళ్తున్నారు. పిల్లలు ఉద్యోగాల మీద జపాన్‌లోనో న్యూజిలాండ్‌లోనో ఉంటే వాళ్ళని చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రులూ ఉన్నారు. ఈ దారుల్లో భూమిలోంచి వేడినీళ్ళు ఉబికే చోట్లు తగులుతాయి. చాలాచోట్ల నీళ్ళు కంటపడకముందే వాసన ముక్కుకి తగులుతుంది. మురిగిపోయిన కోడిగుడ్డు పగలగొట్టినట్టు ఉంటుంది. కొందరు కొంగు అడ్డం పెట్టుకుంటారు. కొందరికి డోకు వస్తుంది. కొందరు చూడాల్సింది చూడకుండానే వెనక్కి వచ్చి బస్సెక్కి కూర్చుంటారు.

కంపు గురించి ధమ్మ ప్రసంగం ఏమిటా అని మీకు అనిపించవచ్చు. భగవానుడు చెప్పిన ఆరు ద్వారాల్లో ముక్కు ఒకటి గదా. కంటి గురించీ నాలుక గురించీ మనం చాలా మాట్లాడుకుంటాం, ముక్కుని వదిలేస్తాం. కళ్ళు మూసుకోవచ్చు, నోరు కట్టుకోవచ్చు. ముక్కు మూసుకుని ఎంతసేపు ఉండగలం? ఊపిరి ఆడే దారి అది. ఆనాపాన సాధనలో మనం ఎరుకని నిలిపే చోటూ అదే. అందుకని ఈ సంచికలో ముక్కు గురించి, వాసన గురించి, ఆ వాసన వెనకాల మన మనసు చేసే పని గురించి చెప్పుకుందాం.

వాసన ఎక్కడిది?

ముందు కారణం తెలుసుకుందాం. కారణం తెలిస్తే సగం భయం పోతుంది. భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. వాననీరు రాళ్ళ పగుళ్ళ గుండా లోతుకి దిగి, అక్కడ కాగి, మళ్ళీ పగుళ్ళ గుండా పైకి వస్తుంది. వచ్చేటప్పుడు రాళ్ళలోని లవణాలనీ గంధకాన్నీ తనలో కరిగించుకుని వస్తుంది. ఆ గంధకం హైడ్రోజన్‌తో కలిసినప్పుడు పుట్టేదే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు. పచ్చటి గంధకపు ముక్క తనంతట తాను పెద్దగా వాసన వెయ్యదు. కంపు కొట్టేది ఈ వాయువే.

మనకి దగ్గరలో భద్రాచలం పక్కన గుండాల దగ్గర గోదావరి ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. ఒడిశాలో గంజాం జిల్లాలోని తప్తపాణి, ఖుర్దా జిల్లాలోని అత్రి గంధకపు ఊటలుగా పేరుపడ్డాయి. బరంపురం తెలుగువాళ్ళకి తప్తపాణి బాగా తెలిసిన చోటు. లదాఖ్‌లో పుగా లోయ సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నేల మీదే గంధకం, బోరాక్స్ పేరుకుని కనిపిస్తాయి. జపాన్‌లో హకోనే కొండల్లో ఓవకుదాని అనే లోయ ఉంది. అక్కడి నీళ్ళలో ఉడికించిన కోడిగుడ్ల పెంకు నల్లగా మారుతుంది, నీళ్ళలోని ఇనుమూ ఈ వాయువూ కలిసి చేసే పని అది. ఒక్క గుడ్డు తింటే ఏడేళ్ళ ఆయుష్షు పెరుగుతుందని అక్కడి నమ్మకం. న్యూజిలాండ్‌లో రోటోరువా అనే పట్టణమైతే ఊటల మధ్యలోనే ఉంది. అక్కడివాళ్ళు ఈ వాసనలోనే వంటలు చేసుకుంటారు, పిల్లల్ని బడికి పంపుతారు.

అంతదూరం ఎందుకు? దివిసీమలో రొయ్యల చెరువు ఎండగట్టి అడుగు మట్టి తిరగేసినప్పుడు నల్లటి బురదలోంచి వచ్చే వాసన ఏమిటి? అదే. గాలి ఆడని బురదలో, కుళ్ళిన ఆకూ అలమూ మధ్య సూక్ష్మజీవులు ఈ వాయువునే పుట్టిస్తాయి. కాబట్టి ఇది పరాయిచోటి వాసన కాదు. మన కాళ్ళకింద ఉన్న మట్టి వాసనే. దెయ్యమూ కాదు, దోషమూ కాదు. హేతువులు కూడినచోట పుడుతుంది, హేతువులు తొలగితే పోతుంది.

ముక్కు, గంధం, వేదన

మన భాషలో ఒక చక్కని సంగతి ఉంది. గంధకం అన్న మాటలోనే గంధం ఉంది. పెళ్ళిలో పూసే గంధమూ అదే మాట. సుగంధం, దుర్గంధం అని ముందు మాట చేర్చేది మనం. ధమ్మంలో ముక్కుకి తగిలే విషయానికి పేరు 'గంధ' అనే. మంచి చెడ్డ అక్కడ లేవు.

వరస చూడండి. ముక్కు ఉంది, వాసన ఉంది, ఆ రెంటి వల్లా వాసన తెలియడం అనే విఞ్ఞాణం ఉంది. ఈ మూడూ కలిస్తే ఫస్స, అంటే స్పర్శ. స్పర్శ వల్ల వేదన. అది సుఖం కావచ్చు, దుఃఖం కావచ్చు, రెండూ కాకపోవచ్చు. ఇంతవరకూ మన చేతిలో లేదు. బుద్ధుడి ముక్కుకైనా కంపు కంపుగానే తెలుస్తుంది. వేదన తరవాత వచ్చేది తృష్ణ. 'ఇది నాకొద్దు, ఇప్పుడే పోవాలి' అన్నదీ తృష్ణే. అక్కడి నుంచి కథ మొదలవుతుంది. 'ఎందుకొచ్చాం ఇక్కడికి, ఇంత డబ్బు పోసి ఈ కంపుకా రావడం, నువ్వేగా తీసుకొచ్చావు' అని భర్త మీద భార్యా, భార్య మీద భర్తా విసుక్కుంటారు. ముక్కుకి తగిలింది వాయువు. ఇంట్లో తగువు ఆ వాయువులో లేదు, మనం కలిపాం.

మజ్ఝిమ నికాయంలో చివరిది ఇంద్రియభావనా సుత్తం. అందులో ఉత్తరుడు అనే యువకుడు భగవానుడి దగ్గరికి వస్తాడు. అతని గురువు పారాసరియ బ్రాహ్మణుడు. ఇంద్రియాలను సాధించడం అంటే కంటితో చూడకుండా, చెవితో వినకుండా ఉండటమని ఆ గురువు నేర్పాడు. అలాగైతే పుట్టుగుడ్డివాడూ, చెవిటివాడూ ముందే సాధకులై ఉండాలి గదా అని భగవానుడు ఆ వాదాన్ని అక్కడే ఆపేశాడు. ఉత్తరుడు తలదించుకుని కూర్చున్నాడు. మన మాటలో చెప్పుకుంటే, పడిశం పట్టి ముక్కు దిబ్బడ వేసినవాడు అరహంతుడు అయిపోడు.

ఆ తరవాత భగవానుడు ఆనందుడికి అసలు సాధన వివరించాడు. ఒక్కో ఇంద్రియానికి ఒక్కో ఉపమానం ఇచ్చాడు. ముక్కుకి ఇచ్చింది తామరాకు. కొద్దిగా వాలిన తామరాకు మీద పడ్డ నీటిబొట్లు నిలవకుండా జారిపోయినట్టు, వాసన వల్ల మనసులో లేచిన ఇష్టమూ అయిష్టమూ జారిపోవాలి, ఉపేక్ష నిలవాలి అన్నాడు. చెరువుల మధ్య పెరిగిన మనకి ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే ఉపమానం లేదు. నీటిబొట్టు ఆకుని తాకుతుంది, తాకలేదని చెప్పలేం. ఆకుని తడపదు, అంతే. అయిష్టం లేవడం తప్పని ఆయన అనలేదు. లేచిందని తెలుసుకో, అది కూడి పుట్టిందని తెలుసుకో, జారనీ అన్నాడు.

ఓర్చుకునేది వేరు, తప్పుకునేది వేరు

ఇక్కడ ఒక పొరపాటు జరగడానికి వీలుంది. ఉపేక్ష అంటే ఏం జరిగినా కదలకుండా కూర్చోవడం అనుకునేవాళ్ళు ఉన్నారు. సబ్బాసవ సుత్తంలో భగవానుడు ఆసవాలను వదిలించుకునే ఏడు దారులు చెప్పాడు. అందులో ఒకటి ఓర్చుకోవడం: చలి, ఎండ, ఆకలి, దోమ, కటువైన మాట. మరొకటి తప్పుకోవడం: మదించిన ఏనుగు, పాము, ముళ్ళ చోటు, అగాధం. తప్పుకోవలసిన వాటి జాబితాలో మురుగుగుంటను కూడా ఆయన చేర్చాడు. ఏది ఏ దారిలో పడుతుందో తెలుసుకోవడమే తెలివి. వాసన ఓర్చుకోవలసింది. ప్రమాదం తప్పుకోవలసింది. ఈ వాయువులో రెండూ ఉన్నాయి కాబట్టి జాగ్రత్తగా వినండి.

బయలు ప్రదేశంలో, గాలి ఆడేచోట, కొద్దిపాటి వాసన మనిషికి హాని చెయ్యదు. అక్కడ ఇలా చేయండి.

గాలి వీచే దిక్కు చూసుకుని, గాలి వచ్చే వైపు నిలబడండి. ఆవిరి మీదికి వంగి చూడొద్దు.

ఈ వాయువు గాలికంటే బరువైనది, పల్లంలో చేరుతుంది. గుంతల్లో, గుహల్లో, మూసి ఉన్న స్నానపు గదుల్లో ఎక్కువసేపు ఉండొద్దు. కంచె కట్టిన చోట కంచె దాటొద్దు.

ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఘాటు ఎక్కువున్న చోటికి పోకుండా ఉండటం మేలు. ఓవకుదానిలో ఈ సంగతి బోర్డుల మీద రాసి పెడతారు. ఉబ్బసం మందు చేతిసంచిలోనే ఉండాలి, బస్సులో పెట్టెలో కాదు.

చేతిరుమాలు, కొంగు, మామూలు మాస్కు ఈ వాయువుని ఆపవు. సెంటు పూసుకుంటే రెండు వాసనలు కలిసి డోకు ఎక్కువవుతుంది.

కడుపునిండా తిని వెళ్ళొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. నీళ్ళసీసా దగ్గర ఉంచుకోండి.

వెండి పట్టీలు, మెట్టెలు, గొలుసులు ముందే తీసి డబ్బాలో పెట్టండి. ఈ నీళ్ళలో వెండి నల్లబడుతుంది. స్నానం చేసిన బట్టలు వేరే సంచిలో కట్టుకుని, తరవాత మంచినీళ్ళలో జాడించండి.

కళ్ళు మండినా, తలనొప్పి వచ్చినా, తల తిరిగినా ఇక ఓర్పు మాట వదిలేయండి. వెంటనే లేచి ఎత్తైన బయలుకి వచ్చేయండి. పక్కవాళ్ళకి చెప్పండి. మొహమాటపడొద్దు.

ముక్కు ఊరుకుందంటే ప్రమాదం పోయినట్టేనా?

ఇప్పుడు చెప్పబోయేది ఈ సంచికలో ముఖ్యమైన మాట. ఈ వాయువు గాలిలో పదిలక్షల పాళ్ళలో ఒక పాలుకంటే బాగా తక్కువ ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. అంత చురుకైన ముక్కు, అదే వాయువు పదిలక్షలకి వంద పాళ్ళు దాటేసరికి కొద్ది నిమిషాల్లో మొద్దుబారిపోతుంది. కంపు ఆగిపోయినట్టు అనిపిస్తుంది. 'హమ్మయ్య, పోయింది' అనుకుంటాం. పోలేదు, పెరిగింది. ఐదువందలు దాటితే స్పృహ తప్పుతుంది. వెయ్యి దగ్గర ఒకటి రెండు ఊపిర్లకే మనిషి పడిపోతాడు. 2005 డిసెంబరులో జపాన్‌లోని అకితా ప్రాంతంలో, దోరోయు అనే వేడినీటి ఊట దగ్గర, మంచులో ఏర్పడిన గుంతలో చేరిన ఈ వాయువు వల్ల ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు.

తక్కువ మోతాదులో కూడా ముక్కు అలవాటుపడి కాసేపటికి ఊరుకుంటుంది. కాబట్టి వాసన రావడం లేదన్నదాన్ని బట్టి ఏదీ తేల్చుకోకూడదు.

అప్పమాదం, అంటే ఏమరుపాటు లేకపోవడం, బోధలన్నిటినీ తనలో ఇముడ్చుకునే గుణమని భగవానుడు చెప్పాడు. ఏనుగు పాదముద్రలో మిగతా జంతువుల పాదముద్రలన్నీ ఇమిడినట్టు అన్నాడు. మన బతుకులో ముక్కు మొద్దుబారిన చోట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. మొదటిసారి లంచం ఇచ్చినప్పుడు చెయ్యి వణికింది. పదోసారికి వణకలేదు. కొత్తల్లో ఇంట్లో ఆడమనిషిని ఒక మాట అంటే రాత్రి నిద్రపట్టలేదు. ఇప్పుడు అన్న సంగతి కూడా గుర్తుండదు. టీ కొట్టులో కొందరికి వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో, ఊళ్ళో పెద్దమనుషులనిపించుకున్నవాళ్ళు ఎంతమందికి అది కంపుగా తగిలింది? పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్నారు గనుక వాళ్ళ ముక్కు ఊరుకుంది. వేడినీటి ఊట దగ్గర నేర్చుకున్నది ఇంటికి తెచ్చుకోవాలి. కంపు తెలియడం లేదంటే కంపు లేదని కాదు.

తపోదా దగ్గర రాజుగారి నిరీక్షణ

రాజగీర్ వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. అక్కడ వైభార కొండ కింద ఉన్న వేడినీటి ఊటల్నే మన పాలి గ్రంథాలు తపోదా అన్నాయి. ఒకసారి బింబిసార మహారాజు స్నానానికి వచ్చాడు. భిక్షువులు నీళ్ళలో ఉన్నారు. వాళ్ళయ్యేదాకా ఉందామని పక్కన నిలబడ్డాడు. చీకటిపడేదాకా వాళ్ళు తేలలేదు. రాజు స్నానం చేసి వెళ్ళేసరికి కోట తలుపులు మూసేశారు, ఆ రాత్రి బయటే గడపాల్సి వచ్చింది. ఈ సంగతి తెలిశాక, భిక్షువులు పక్షానికి ఒకసారి కంటే ఎక్కువ స్నానం చేయకూడదని భగవానుడు నియమం పెట్టాడు. ఎండాకాలం, జబ్బు, పని, ప్రయాణం, గాలివాన వంటి సందర్భాలకి తరవాత సడలింపులు ఇచ్చాడు. నియమం పుట్టింది మడి కోసం కాదు, వెనకాల నిలబడ్డ మనిషి కోసం. కుండంలో దిగినప్పుడు వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. ఎవరో ముసలమ్మ మెట్టు మీద నిలబడి ఉండవచ్చు.

అదే వాయువు, మరో గొయ్యి

డబ్బు పెట్టి టికెట్టు కొని ఈ వాసన చూడ్డానికి వెళ్ళేవాళ్ళం మనం. ఇదే వాయువు కోసం ఎవరూ వెళ్ళని చోటు ఒకటి ఉంది. మన పట్టణాల్లో మూత వేసిన మురుగు కాలువ, మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు. గాలి ఆడని మలినంలో పుట్టేదీ హైడ్రోజన్ సల్ఫైడే. అందులోకి నడుముకి తాడు కట్టుకుని దిగిన మనిషి ముక్కు కొద్దిసేపట్లో మొద్దుబారుతుంది. తరవాత కాళ్ళు తేలిపోతాయి. పైనున్న తమ్ముడో కొడుకో కాపాడాలని దూకుతాడు, అతనూ పైకి రాడు. పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. ఆ నాలుగు లైన్లలో చనిపోయినవాళ్ళ పేర్లు ఉంటాయి. ఏ వాడనుంచి వచ్చారో చెప్పకపోయినా మనకి తెలుస్తుంది.

మనిషిని ఇలా దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల ఊళ్ళో, సఫాయి పనిచేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని ఆగాలని బతుకంతా తిరుగుతున్నాడు. 2016లో ఆయనకి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. చట్టం ఉంది, తీర్పు ఉంది. గోతిలోకి మనిషిని దింపడం ఇంకా పూర్తిగా ఆగలేదు.

ఇక్కడ సునీతుణ్ణి తలుచుకోవాలి. థేరగాథల్లో ఆయన తన కథ తానే చెప్పుకున్నాడు. పేద కులంలో పుట్టి, వాడిన పూలూ చెత్తా ఎత్తిపోసే పని చేసేవాడు. జనం చీదరించుకునేవాళ్ళు, తల వంచుకుని బతికేవాడు. భిక్షు సంఘంతో నగరంలోకి వస్తున్న భగవానుణ్ణి చూసి కావడి దించి దగ్గరికి వెళ్ళాడు. భగవానుడు ముక్కు మూసుకోలేదు, దూరం జరగమనలేదు. ఆ క్షణంలోనే సంఘంలోకి పిలిచాడు. ఆ సునీతుడు అరహంతుడయ్యాడు.

వాసన మీద కలిగే ఏవగింపు ముక్కు దగ్గర పుడుతుంది, కాసేపు ఉండి పోతుంది. మనిషి మీద కలిగే ఏవగింపు ముక్కులో పుట్టదు, మనకి ఎవరో నేర్పితే వస్తుంది. స్నానం చేసి తెల్లబట్ట కట్టుకున్నా కొందరిని ఊరవతల నిలబెట్టింది ఆ నేర్పిన కంపే. మొదటిదాన్ని తామరాకులా జారనివ్వండి. రెండోదాన్ని వేరుతో పీకాలి, అక్కడ ఉపేక్ష పనికిరాదు.

అందుకని ఉపాసకులంతా రెండు నియమాలు పెట్టుకోండి. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకులోకి ఎంత చవగ్గా వచ్చినా మనిషిని దింపకండి, యంత్రం వచ్చేదాకా ఆగండి. గోతిలో ఎవరైనా పడిపోతే కంగారుపడి దూకకండి. సాయం పిలవండి, అగ్నిమాపక శాఖకి 101కి ఫోన్ చేయండి. పాతబావిలో దీపం దించి చూసే అలవాటు మనకి ఉంది. ఈ వాయువుకి మండే గుణం ఉంది కాబట్టి ఇలాంటి గోతుల్లో ఆ పరీక్ష చేయకూడదు.

దారిలో చేసే సాధన

ఊట దగ్గరికి చేరారు, వాసన తగిలింది. ముందు చోటు క్షేమమా కాదా చూసుకోండి. క్షేమమైతే, గాలి వచ్చే వైపు నిలబడి పది ఊపిర్లు గమనించండి.

మొదటి మూడింటిలో వాసనని వాసనగా తెలుసుకోండి. గుడ్డు, కుళ్ళు, మురికి అని పేర్లు పెట్టకండి.

తరవాతి మూడింటిలో మొహం చూసుకోండి. కనుబొమలు ముడిపడ్డాయి, పళ్ళు బిగిశాయి, పొట్ట లోపలికి పోయింది. వాటిని వదులు చేయండి.

తరవాతి మూడింటిలో మనసులో మాట వినండి. 'ఎప్పుడు పోతాం ఇక్కణ్ణుంచి' అంటోంది. ఆ మాట వచ్చిందని తెలుసుకోండి, జవాబు చెప్పకండి.

పదో ఊపిరి ఈ వాసనలోనే పనిచేసే మనుషులకి ఇవ్వండి. ఊట దగ్గర తువ్వాళ్ళు ఉతికేవాళ్ళు, మెట్లు కడిగేవాళ్ళు, ఎక్కడో మ్యాన్‌హోల్ మూత ఎత్తుతున్నవాళ్ళు. వాళ్ళు క్షేమంగా ఇంటికి చేరాలని కోరుకోండి.

ఇంటికొచ్చాక సాధన ఆపకండి. చేపల సంతలో, రొయ్యల చెరువు గట్టున, ఆసుపత్రి వార్డులో మంచం పట్టిన తల్లి పక్కన కూర్చున్నప్పుడు ఇదే ముక్కు, ఇవే పది ఊపిర్లు. ముసలితనంలో మన ఒంటి వాసన మన పిల్లలకి తగిలే రోజు ఒకటి వస్తుంది. ఇవాళ మనం ఎలా నిలబడతామో చూసి రేపు వాళ్ళు నేర్చుకుంటారు.

ప్రయాణాలు చేసేవాళ్ళంతా క్షేమంగా వెళ్ళి లాభంగా రండి. గోతిలోకి ఏ మనిషీ దిగనక్కర్లేని రోజు త్వరగా రావాలి. సకల ప్రాణులూ సుఖంగా ఉండాలి.

సాధు, సాధు, సాధు.